చప్పుడు చెయ్యని చోటు

నాన్న పాత ప్యూజో 309 వెనక చక్రాలు, అప్పుడే పుట్టిన దూడ కాళ్లు ఎడంగా చాపి నిలబడ్డట్టు, పైన లోపలికీ కింద బయటికీ ఒరిగాయి. టైర్లు లోపలి అంచున అరిగిపోతుంటే రెండుసార్లు కొత్తవి వేయించాం. ఎందుకరుగుతున్నాయని మాత్రం ఎవరం అడగలేదు.

ముంబయి దగ్గర కల్యాణ్‌లో 1994లో తయారీ మొదలై, కొన్నేళ్లకే ఆగిపోయిన కారిది. విజయవాడ ఆటోనగర్‌లో దీని సంగతి తెలిసిన మెకానిక్కు ఒకాయన దొరికాడు. విప్పేముందు సుద్ద, పంచ్ తీసుకుని ప్రతి రాడ్డు పక్కనా గుర్తు పెట్టుకున్నాడు. వెనక మామూలు స్ప్రింగులుండవు. మెలిపడి బరువు మోసే టార్షన్ బార్లుంటాయి. బిగించేటప్పుడు బార్ చివరి పళ్లలో ఒక్క పన్ను అటూ ఇటూ అయినా బండి ఎత్తు మారిపోతుంది. కుడిది ఎడమకి పనికిరాదు కూడా.

చక్రాన్ని పట్టుకున్న ఆర్మ్ లోంచి షాఫ్టు బయటికొచ్చాక ఆయన దాన్ని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. ఒక వైపు అద్దంలా మెరుస్తోంది. రెండో వైపు వేలు పెడితే దిగేంత గాడి. సన్నటి సూదుల్లా ఉండాల్సిన బేరింగు రోలర్లు పొడైపోయి, అరచేతిలోకి కాఫీపొడిలా రాలాయి.

"ఇది తిరగదు సార్, ఊగుతుందంతే," అన్నాడు.

ఇంటికొచ్చాక కూడా ఆ మాటే తిరిగింది బుర్రలో. చక్రంలోని బేరింగు గిరగిరా తిరుగుతుంది కనక గ్రీజు చుట్టూ పాకుతుంది, పాడైతే ఊరంతా వినేలా హోరెత్తుతుంది. ఈ బేరింగు మాత్రం గుంత వచ్చినప్పుడు కాస్త ఊగి, మళ్లీ మొదటికే వస్తుంది. ఎప్పుడూ ఆ కొన్ని సూదులే బరువు మోస్తాయి. వాటి కింద నలిగి పక్కకి జరిగిన గ్రీజు మళ్లీ అక్కడికి రాదు. సీలు ఎండి నీళ్లు దిగితే ఇక తుప్పే. తప్పు బండిది కాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇది అడగలేదు, మేమూ పెట్టలేదు.

షాఫ్టు లేత్ పనికి వెళ్లింది, వారం పడుతుందట. నాకు తొందరేం లేదు. నిజానికి ఆ వారమంతా ఇంట్లో కూర్చుని చూడ్డం తప్ప పనేమీ పెట్టుకోలేదు.

మూడోరోజనుకుంటా, వంటింటి గుమ్మం పక్క గోడమీద మరక కనిపించింది. నడుమెత్తున, అరచెయ్యంత, నూనె ఇంకి నల్లబడి ఉంది. సున్నం వేయించి నాలుగేళ్లయినా కాలేదు. అమ్మ పీటమీంచి లేచింది. చూడకుండానే ఎడంచెయ్యి సరిగ్గా ఆ మరక మీద ఆనించి, బరువంతా దానిమీద వేసి, ఒక్క క్షణం ఆగి నిలబడింది.

"ఎప్పట్నించమ్మా?" అన్నాను.

"ఏంటి?" అంది, గిన్నె అందుకుంటూ.