విభూతి నేర్పెడి పాఠము



ప్రాతఃస్నానము చేసివచ్చిన బిడ్డ నుదుట తల్లి విభూతి ధరింపజేయుట శరణుల గృహములలో నిత్యకృత్యము. ఆ తెల్లని రేఖలను అద్దమునందు చూచుకొని మురియు బిడ్డ ఒకనాడు తప్పక అడుగును: "అమ్మా, విభూది దేనితో చేస్తారు?" తల్లి సత్యమే చెప్పవలయును: "ఆవుపేడతో, నాయనా!" బిడ్డ ముక్కు మూసికొని నవ్వును. ఆ నవ్వునొద్దనే ఒక గొప్ప పాఠమును ప్రారంభింపవచ్చును.

గోమయమును ఉండలుగా చేసి ఎండబెట్టుదురు. ఎండిన ఉండలను ఊకతో కప్పి నిదానముగా కాల్చుదురు. చల్లారిన బూడిదను మెత్తగా జల్లించి, నీట కలిపి, ముద్దలుగా చేసి మరల ఎండబెట్టుదురు. కొట్టములో కాలికి తగులకుండ తప్పుకొని నడచిన పదార్థమే కొన్నాళ్ళకు నుదుటి కెక్కును. గురువు, లింగము, జంగమము, పాదోదకము, ప్రసాదము, విభూతి, రుద్రాక్ష, మంత్రము అను అష్టావరణములలో అది యొకటియై భక్తుని కాపాడును. ఆ పదార్థము నశింపలేదు. దాని రూపము మారినది, స్థానము మారినది. ఏ వస్తువునైనను చెత్త యని పేరుపెట్టి విసరివేయుటకు ముందు దానికి తగిన చోటు మరియొకటి కలదేమో విచారింపవలయునని విభూతి ప్రతిదినము బిడ్డ నుదుటనుండియే బోధించుచున్నది.

అయినను నేటి గృహములలో జరుగుచున్న దేమి? ఉదయమున విభూతి ధరింపజేసిన చేతులే మధ్యాహ్నమునకు మిగిలిన అన్నమును, కూరగాయల తొక్కలను పాలిథీన్ సంచిలో పోసి, ముడివేసి, వీధిమూలకు విసరుచున్నవి. ఆకలిగొన్న ఆవు ఆ ముడిని విప్పనేరదు. అన్నపు వాసనకు సంచితోకూడ మ్రింగును. ఆ సంచి దాని పెద్దపొట్టలో జీర్ణము కాదు, పేడతో వెలుపలికిని రాదు. ఒకదానిపై నొకటి చేరి, చుట్టలుచుట్టుకొని, మేతకు చోటు లేకుండ చేయును. పశువైద్యులు శస్త్రచికిత్స చేసి అట్టి మూగజీవముల కడుపునుండి పదుల కిలోల ప్లాస్టిక్‌ను వెలికి తీసిన సందర్భములు గలవు. ఏ ఆవు గోమయము మన నుదుట పవిత్రమైనదో ఆ ఆవునకే మన యింటి సంచి మృత్యువగుచున్నది. దయ లేని చోట ధర్మము నిలువదని బోధించిన బసవేశ్వరుని బిడ్డలకు ఇది తగునా?

పూర్వులు మాత్రము చెత్తను విసరలేదా యని కొందరు ప్రశ్నింతురు. విసరిరి. కాని వారు విసరినది మట్టినుండి పుట్టిన పదార్థము. బియ్యము కడిగిన నీరు, గంజి, తొక్కలు కుడితియై పశువులకు చేరెడివి. ఊడ్చిన చెత్త, పేడ పెంటకుప్పకు చేరి, వేసవిలో బండ్ల కెక్కి, పొలమునకు ఎరువయ్యెడివి. కొబ్బరిపీచు, బూడిద గిన్నెలు తోముటకు, చిప్ప గరిటెకు ఉపయోగపడెడివి. విసరుటయను అలవాటు నాటిదే, వస్తువు మాత్రము మారినది. ప్లాస్టిక్ తరములు గడచినను మట్టి కాదు. ఎండకు పెళుసై ముక్కలై, కంటికి కానరాని నలుసులై నేలలోను నీటిలోను కలియును. కావున తాతముత్తాతల చేతివాటము నేడు చాలదు. వారి దృష్టిని నిలుపుకొని పద్ధతిని క్రొత్తగా నేర్వవలయును. ఆ నేర్పు శైశవముననే ప్రారంభము కావలెను.

నేటి విద్యాలయములలో పిల్లలకు మూడు సూత్రములు చెప్పుచున్నారు: తగ్గించుట, తిరిగి వాడుట, రూపము మార్చి వినియోగించుట. ఈ మూడును శరణ సంప్రదాయమునకు క్రొత్తవి కావు.

మొదటిది తగ్గించుట. దీనికి గురువు ఆయ్దక్కి లక్కమ్మ. 12వ శతాబ్దమున కల్యాణ నగరమున ఆమె భర్త మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరుటను కాయకముగా స్వీకరించెను. ఒక దినమున ఆయన నాటి దాసోహమునకు కావలసినదానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధికాశ భక్తులకు తగదని పలికి, ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఇంటికి వచ్చినపిమ్మట చెత్తను ఎట్లు వదిలించుకొందుమని యోచించుట మధ్యమము. అక్కరలేనిదానిని ఇంటికే తేకుండుట ఉత్తమము. బిడ్డను అంగడికి తీసికొనిపోవునపుడు గుడ్డసంచిని వాని భుజముననే వేయవలయును. భోజనమునకు కూర్చుండినపుడు మొదట కొంచెమే వడ్డించి, అడిగిన మరల వడ్డించవలయును. ఇష్టలింగమునకు అర్పించిన అన్నము ప్రసాదము. ప్రసాదమును మెతుకైనను విడువక స్వీకరించి, పళ్ళెమును నీటితో కడిగి ఆ నీటినికూడ త్రాగు నిష్ఠ మన పెద్దలలో నేటికిని గలదు. ఆ నిష్ఠను బిడ్డ కన్నులార చూచినచో వేరు ఉపన్యాసము అక్కరలేదు.

రెండవది తిరిగి వాడుట. దీనికి గురువు మడివేలు మాచయ్య. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణము ఆ మహనీయుని చరిత్రను తెలుగువారి కందించినది. శరణుల వస్త్రములను ఉతుకుట ఆయన కాయకము. మాసినదానిని పారవేయుట కాదు, మాలిన్యమును మాత్రమే తొలగించి వస్త్రమును నిలుపుట ఆ కాయకమునందలి మర్మము. అవ్వ పాతచీరలతో బొంత కుట్టునపుడు మనుమరాలిని దారము ఎక్కించుమనవలయును. సంవత్సరాంతమున వ్రాతపుస్తకములలో మిగిలిన తెల్లకాగితములను విడదీసి, క్రొత్తపుస్తకముగా కుట్టు పనిని పిల్లలకే అప్పగింపవలయును. ఖాళీయైన గాజుసీసా కడిగినచో పప్పునకో ఉప్పునకో పనికివచ్చును. అయితే ఒక హెచ్చరిక అవసరము. చినిగిన చొక్కాను, విరిగిన బొమ్మను పేదలకిచ్చి దానము చేసితిమనుకొనుట దాసోహము కాదు. ఇచ్చుటకు ముందు ఉతికి, కుట్టి, బాగుచేసి, తన తమ్మునికి ఇచ్చినట్లే ఇవ్వవలయునని బిడ్డకు నేర్పవలెను.

మూడవది రూపము మార్చుట. దీనికి సాక్షి విభూతియే. ఇంటిలో ఒక మట్టికుండకు ప్రక్కల చిన్నరంధ్రములు చేసి, అడుగున ఎండుటాకులు పరచవలయును. దినదినము కూరగాయల తొక్కలు, పూజానంతరము వాడిన పత్రిపుష్పములు అందు వేసి, పైన ఎండుటాకులో పొడిమట్టియో చల్లుచుండవలయును. కొంచెము పేడనీరు చిలికినచో కుళ్ళించు సూక్ష్మజీవులు త్వరగా వృద్ధినొందును. వారమున కొకసారి కర్రతో కలుపవలెను. మరీ తడియైనచో దుర్వాసన వచ్చును, అప్పుడు ఎండుటాకులు చేర్చవలెను. మరీ పొడియైనచో పని సాగదు, అప్పుడు నీరు చిలుకవలెను. రెండు మూడు నెలలకు నల్లని, మట్టివాసనగల ఎరువు సిద్ధమగును. ఆ ఎరువుతో బిడ్డ తన చేతులతో ఒక మారేడు మొక్కనో, ఒక తుమ్మిమొక్కనో పెంచి, ఆ పత్రమును పుష్పమును లింగమున కర్పించినచో, నిన్న రాలిన పువ్వే నేడు మరల పూజకు వచ్చినదని గ్రహించును.

పొడిచెత్త మార్గము వేరు. కాగితము, గాజు, ఇనుము, అల్యూమినియము తడి తగులకుండ వేరుగా నుంచినచో పాతసామానులు కొనువాని చేతిమీదుగా కర్మాగారమునకు పోయి క్రొత్తవస్తువు లగును. పాత అల్యూమినియమును కరగించి మరల వాడుటకు, ముడిఖనిజమునుండి దానిని తీయుటకు కావలసిన శక్తిలో ఇంచుమించు 5 శాతమే చాలును. గాజును ఎన్నిమారులైనను కరగించి పోయవచ్చును. కాగితపు పీచు మాత్రము ప్రతిమారును పొట్టియగుటచే కొన్ని ఆవృత్తులకే పనికివచ్చును. అందుచేతనే కాగితమును మొదటనే పొదుపుగా వాడవలెనని పిల్లలకు చెప్పవలయును.

ఇచ్చట తెలివైన బిడ్డ మరియొక ప్రశ్న వేయును: "పేడను కాలిస్తే విభూది వచ్చింది కదా, ప్లాస్టిక్‌ను కూడా కాల్చేద్దామా?" ఈ ప్రశ్నను విసుగుకొనక ఆదరింపవలయును. పేడ గడ్డినుండి వచ్చినది, అగ్ని దానిని శుద్ధమైన బూడిదగా మార్చును. ప్లాస్టిక్ పెరటిమంటలో సరిగా దహింపక విషవాయువులను వెడలించును. ఆ పొగ మొదట ప్రవేశించునది దగ్గర నిలిచిన పిల్లల ఊపిరితిత్తులలోనే. కావున ఏ ఇంటివారును ప్లాస్టిక్‌ను కాల్చరాదు.

ఇంతకంటెను ముఖ్యమైన విషయ మొకటి కలదు. ఇంటివారు కలగాపులగముగా పడవేసిన చెత్తను చివరకు మరియొక మనుష్యుడు చేతులతో వేరుచేయవలసివచ్చును. పగిలిన గాజు అతని వ్రేలిని కోయును. వాడిన సూదులు, గడువుతీరిన మందులు, పసిపిల్లల మలినపు గుడ్డలు అతనికి రోగకారణము లగును. 2016 సంవత్సరమున కేంద్రప్రభుత్వము చేసిన ఘనవ్యర్థముల నియమములు తడిచెత్త, పొడిచెత్త, గృహములందలి అపాయకర వ్యర్థములు అని ఇంటివద్దనే వేరుచేయవలయునని నిర్దేశించినవి. కాని శరణులకు ఈ ధర్మము రాజశాసనమువలన వచ్చినది కాదు. శరణుల ముంగిళ్ళు ఊడ్చుట సత్యక్క కాయకము. చెప్పులు కుట్టు మాదార చెన్నయ్యను బసవేశ్వరుడు తన బంధువుగా భావించి గౌరవించెను. అట్టి పరంపరకు చెందిన ఇంటి బిడ్డ చెత్తబండి వచ్చినపుడు ముక్కు మూసికొని లోనికి పరుగెత్తరాదు. "అక్కా, ఇది తడి, ఇది పొడి, ఇందులో గాజు ఉంది, జాగ్రత్త" అని చెప్పి అందింపవలయును. చెత్తను వేరుచేయుట పరిశుభ్రతకు మాత్రమే కాదు, తోటి కాయకజీవికి సమర్పించు గౌరవము.

శిశువులకు ఎట్లు నేర్పవలయును? మూడు నాలుగేండ్ల బిడ్డకు ఒక పనియే చాలును: అరటితొక్కను తీసికొనిపోయి కుండలో వేయుట. ఐదారేండ్ల బిడ్డ తడి పొడి భేదము నెరుగును. ఎనిమిదేండ్లు దాటిన బిడ్డ ప్రతి సోమవారము పూజానంతరము పొడిబుట్టను చూచి, గడచిన వారముకంటె తగ్గినదో పెరిగినదో గోడమీది పలకపై గుర్తుపెట్టగలడు. తప్పు చేసినపుడు దండింపరాదు. వాని చేతులతోనే సరిచేయింపవలెను. అన్నిటికంటె ముఖ్యము పెద్దల నడవడి. బస్సు కిటికీనుండి తండ్రి సంచి విసరుచుండగా బిడ్డకు చెప్పిన నీతులన్నియు ఆ సంచితోనే గాలిలో కలియును. నుడి యొకటి, నడత యొకటియైనచో దైవము మెచ్చదని శరణులు ఊరక చెప్పలేదు.

మఠములకును ఇందు బాధ్యత కలదు. వైశాఖ శుద్ధ తదియనాడు బసవజయంతి దాసోహమునకు వందలకొలది భక్తులు వత్తురు. 2022 జూలై 1 నుండి ఒకేసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు మొదలగువానిని కేంద్రప్రభుత్వము నిషేధించినది. వానికి బదులుగా వాడుచున్న కాగితపు గ్లాసుల లోపలను సన్నని ప్లాస్టిక్ పొర యుండునని ఎరుగవలయును. మోదుగాకు, అడ్డాకు విస్తళ్ళు పుల్లలతో కుట్టినవి కావున అవి ఎరువుగుంటకే పోవును. నీటికి లోహపు గ్లాసులుంచి, కడుగు పనిని వంతులుగా పంచుకొన్నచో అదియు కాయకమే. విస్తళ్ళను గుంటయొద్దకు చేర్చు బాధ్యతను పిల్లల దండున కప్పగించి, పంక్తి ముగిసినపిమ్మట విస్తరిలో అన్నము విడువనివారిని స్వాములవారు పేరుపేరున ఆశీర్వదించినచో, ఆ దినము పిల్లలు జన్మమంత మరువరు.

మరునాటి ఉదయమున తల్లి మరల విభూతి తీసికొని బిడ్డ నుదుట ధరింపజేయును. ఈమారు బిడ్డ ముక్కు మూసికొనడు. నిన్నటి తొక్కలు కుండలో ఎంతవరకు మారినవో చూచుటకు పెరటిలోనికి పరుగెత్తును. వీధిలో ఆవు నడచిపోవుచుండును. ఆ యింటి ముంగిట దానికి ముడివేసిన సంచి దొరకదు. గంజితో కలిపిన కుడితి దొరకును. ఆ బిడ్డ నుదుటి విభూతి ఆనాటినుండి సార్థకము.