ముంగిస నీతి, మన నీతి

నీతికథలో తప్పు ఎవరిదో తేల్చటం తేలిక. ఆ నీతి ఎవరికి చెప్పారో, చెబుతూ ఎవరిని మరిచిపోయారో చూడటం కొంచెం కష్టం. పంచతంత్రంలోని ముంగిస కథను ఈ దృష్టితో మళ్ళీ చదవవలసిన అవసరం నాకు ఈ సంవత్సరం కలిగింది. కారణం సాహిత్యానికి సంబంధించినది కాదు. ఎచ్చెర్లలో మేముంటున్న అద్దె ఇంట్లో ఆరేళ్ళుగా ఒక కుక్క వుంది. నా భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళింది. బిడ్డ వచ్చేలోగా కుక్కను ఏం చెయ్యాలన్నది ఇంటిల్లిపాదికీ ప్రశ్న అయి కూచున్నది.

ఆ కథ అందరికీ తెలుసునంటాం గాని, తెలిసింది సగమే. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక మిత్రలాభ మిత్రభేదాలతో ఆగిపోయింది. ఈ కథ అయిదో తంత్రంలోది. బ్రాహ్మణుడి భార్య కొడుకును కన్నది. ముంగిస పిల్లను కూడా పాలిచ్చి కొడుకులాగే పెంచింది. పెంచింది గాని నమ్మలేదు. జాతి స్వభావం ఎప్పుడు బయటపడుతుందోనని ఆమె భయం. నీళ్ళకు వెళ్తూ, ముంగిస వున్నది, బిడ్డను కనిపెట్టి వుండమని మొగుడికి చెప్పింది. ఆయన యాచనకు పోయాడు. పాము వచ్చింది. ముంగిస దాన్ని చంపి, నెత్తురు మూతితో తల్లికి ఎదురు వచ్చింది. ఆమె నీళ్ళకుండ దాని మీద వేసింది. తరువాత ఆమె మొగుణ్ణి నిలదీస్తుంది: నువ్వు ఆశపడి పోబట్టే కదా ఇదంతా అని. హితోపదేశంలో ఇదే కథ కొంచెం మారింది. అక్కడ భార్య స్నానానికి పోతే, మొగుడు రాజుగారి శ్రాద్ధ దానం కోసం ముంగిసనే కాపలా పెట్టి వెళ్తాడు. చంపేదీ ఆయనే.

మనవాళ్ళు ఇళ్ళల్లో ఈ కథ చెప్పేటప్పుడు మొగుడు దాదాపు మాయమవుతాడు. మిగిలేది ఆడదాని తొందరపాటు. "ముందు వెనకలు చూడకుండా పని చెయ్యకు" అన్న హితవు యజమానికి చెప్పినది. చచ్చిపోయిన ముంగిసకు ఆ కథలో వేరే నీతి ఏదీ లేదు. చాకిరీ చేసిన జీవి అనుమానం మీద ప్రాణం పోగొట్టుకుంటే, ఆ చావు యజమానికి పాఠంగా మాత్రమే పనికివచ్చింది. ఇది ముంగిసల విషయంలోనే జరిగే పని కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఈ కథ దేశాలు తిరిగింది. ఫ్రాన్సులో లియోన్ ప్రాంతాన ముంగిస స్థానంలో వేటకుక్క వచ్చింది. దాని పేరు గినెఫోర్. అక్కడి పల్లె స్త్రీలు ఆ కుక్కను పుణ్యపురుషుడిగా ఎంచి, జబ్బుపడిన పసిపిల్లలను దాని సమాధి దగ్గరకు తీసుకుపోయేవారు. పదమూడో శతాబ్దంలో స్టీఫెన్ ఆఫ్ బూర్బన్ అనే మతాధికారి ఈ సంగతి రాసిపెట్టాడు. ఎముకలు తవ్వించి కాల్పించాడు, అక్కడి చెట్లు నరికించాడు. అయినా ఆ కొలుపు తరువాత శతాబ్దాలపాటు సాగింది. పండితులు నీతి తీసుకున్నచోట, పిల్లల తల్లులు ఆ జంతువుకు తాము బాకీ వున్నామనుకున్నారు. నాకు ఆ తల్లుల తర్కం మీదే గౌరవం ఎక్కువ.

ఇక మా ఇంటి మాట. మా పిన్ని కబురు పెట్టింది: "పసిగుడ్డొచ్చే ఇంటికి కుక్కేటి నాయినా? ఎక్కడైనా ఒగ్గీసి రారాదా?" ఆమె క్రూరురాలు కాదు. ఆరేళ్ళుగా ఎప్పుడొచ్చినా దానికి అన్నం కలిపి పెట్టిన మనిషి. ఆమె భయానికి ఆధారం కూడా వుంది. మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి 99 వరకు కుక్కల వల్లనేననీ, అనుమానపు జంతువులు కరిచినవారిలో నూటికి 40 మంది పదిహేనేళ్ళ లోపు పిల్లలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ వ్యాధి లక్షణాలు పైకి కనపడ్డాక బతకటం దాదాపు లేదు. పసిపిల్లల ముఖం కుక్క నోటి ఎత్తులో వుంటుంది. ఏం జరిగిందో వాళ్ళు చెప్పలేరు కూడా.

కాని "ఒగ్గీసి రావటం" అంటే ఏమిటి? మన వూరి పక్కనుంచే పదహారో నంబరు జాతీయ రహదారి పోతున్నది. దాని పక్కన వదిలిన ఇంటి కుక్క లారీ కింద పడుతుంది, లేదా మరో పేటలో వీధికుక్క అవుతుంది. అంటే మన బిడ్డకు తప్పిన ప్రమాదం ఎవరో కూలివాడి బిడ్డ దగ్గరకు చేరుతుంది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ పట్టి వుంచాలని సుప్రీంకోర్టు ఆదేశించి, 22న దాన్ని సవరించినప్పుడు దేశమంతా రెండు పక్షాలైంది. వీధిలో వున్న వాటిలో కొన్ని నిన్నటిదాకా ఎవరింటిలోనో పెరిగినవేనన్న సంగతి ఆ రభసలో పెద్దగా వినపడలేదు. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును అకారణంగా వదిలివేయటం 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి చేసినవాడికి ఆ చట్టం పెట్టిన జరిమానా పది రూపాయల నుంచి యాభై. పెంచిన జీవి పట్ల మన బాకీకి కట్టిన ఖరీదు అది.

దయాపరులు ఇక్కడ ధర్మరాజును తీసుకువస్తారు. మహాప్రస్థానంలో ఆయన కుక్కను విడిచి స్వర్గరథం ఎక్కనన్నాడు. ద్రౌపదినీ తమ్ములనూ దారిలో వదిలి వచ్చావు కదా అంటే, వాళ్ళు చనిపోయినవాళ్ళు, ఇది నన్ను నమ్మి బతికి వున్నది అన్నాడు. గొప్ప జవాబే. కాని ధర్మరాజు చేతిలో పాలు తాగే బిడ్డ లేదు. ఆ కుక్కకు అన్నం పెట్టి, దాని చోటు కడగవలసిన బాలింత అసలే లేదు. కుక్కను వుంచాలని నేను ఫోనులో గట్టిగా చెబితే నా భార్య అన్నది: "ఉంచండి, నాకూ అదంటే ప్రాణమే. కాని వచ్చాక దాని చాకిరీ నాతో కాదు. అది ఎవరు చేస్తారో చెప్పి ఉంచండి."

ప్రశ్న అంతా ఈ మాటలో వుందని నాకు అనిపించింది. కుక్కా బిడ్డా అన్నది అసలు పేచీ కాదు. ఇద్దరి మధ్యా భద్రత పని చేస్తే వస్తుంది, ఆ పని ఎవరిది? నమ్మకమూ భయమూ రెండూ పని ఎగవేయటానికి మంచి సాకులు. ముంగిసను నమ్మినవాడు యాచనకు పోతాడు, నమ్మనామె కుండ విసురుతుంది. కనిపెట్టి వుండేవాడు ఒకడుంటే ఆ రెండూ అవసరం లేకపోయేవి. మధ్యతరగతి మగవాడి భూతదయ చాలావరకు ఆడవాళ్ళ రెక్కల మీద నడుస్తున్నది. పిల్లి వున్న ఇళ్ళలో గర్భిణి దాని మలం ఎత్తకూడదని వైద్యులు చెబుతారు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి దానిలో వుండవచ్చు. విసర్జన అయిన ఒకటి నుంచి అయిదు రోజుల్లో అది అంటుకునే స్థితికి వస్తుంది గనుక, ప్రతిరోజూ వేరొకరు ఎత్తిపారేస్తే చాలు. ఆ వేరొకరు భర్తేనని ఎన్ని ఇళ్ళల్లో తోచింది?

పల్లెలో పశువుకూ పసివాడికీ మధ్య ఏర్పాటు కొత్తది కాదు. మా వీధి చివర కూలికి పోయే ఆమె ఒక్కగది ఇంట్లో బిడ్డా మేకా కలిసే వుంటాయి. వాన పడితే మేకను లోపలకు తేక తప్పదు, ఆపదలో అమ్ముకోవటానికి ఆమెకున్నది అదొక్కటే. ఆమె దూలానికి చీరతో ఉయ్యాల కట్టింది. నేల మీద తిరిగేవాటికి అందని ఎత్తు అది. అయితే పాతదంతా మంచిదనటం నా వుద్దేశం కాదు. బొడ్డుకోసిన చోట పేడ పూసే ఆచారం ఎందరో పసికందులను ధనుర్వాతానికి అప్పజెప్పింది. తల్లులకు టీకాలు, శుభ్రమైన పురుళ్ళు వచ్చాకనే ఆ పీడ తగ్గి, 2015లో దేశం దాన్ని అదుపు చేసినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచింది. ఉయ్యాల ఎత్తు వుంచుకోవలసింది, పేడ పారెయ్యవలసింది. ఈ విచక్షణ చెయ్యలేని సంప్రదాయాభిమానమూ, సంస్కరణాభిమానమూ రెండూ దండగే.

కుక్కకు మూడు నెలల ముందే మార్పులు మొదలుపెట్టాను. బిడ్డ వచ్చిన రోజే దాన్ని బయటికి నెడితే, ఆ బిడ్డ వల్లనే తన చోటు పోయిందని దానికి అర్థమవుతుంది. అందుకని పక్క ఇప్పుడే వసారాలోకి మార్చాను. గదికి జల్లి తలుపు వేయించాను, అది చూడగలదు, వాసన చూడగలదు, లోపలికి రాలేదు. రేబిస్ టీకా పశువుల ఆస్పత్రిలో మళ్ళీ వేయించాను, నులిపురుగుల మందు తాగించాను. బిడ్డ పుట్టాక ఒంటికి చుట్టిన గుడ్డ ఒకటి ముందుగా పంపితే దాని దగ్గర వుంచాలి. ఎంత మంచి కుక్కయినా, రెప్పపాటు కూడా బిడ్డతో ఒంటరిగా వదలకూడదు. ముంగిస కథలో నాకు పనికివచ్చిన భాగం ఇదొక్కటే.

పిన్నికి ఇదంతా చెబితే, "అన్నీ బానే ఉన్నాయి, నువ్వు కాలేజీకెళ్ళిపోతే?" అంది. నా భార్యా అదే అడిగింది. నేను పాఠం చెప్పే వేళల్లో ఆ జల్లి తలుపు గడియ ఎవరు చూస్తారు? ఉయ్యాల కట్టినామెను అడిగాను, పగటిపూట కుక్కను మీ చూరు కింద కట్టుకుంటావా అని. "ఊరికే చూస్తాను లెండి బాబూ" అంది. ఊరికే చూడటం ఆమెకు ఎంత కూలి నష్టమో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఎంత ఇవ్వాలన్నది మా మధ్య ఇంకా తేలలేదు.