‘హలో’ - పిలుపా? వందనమా?

ఇద్దరు ఎదురుపడినపుడు మొదట వెలువడు మాట చిన్నదే. కాని ఎదుటివానిని మనమెట్లు భావించుచున్నామో ఆ మాటయే తెలుపును. నేడు లోకమున మిక్కిలి వ్యాప్తిలోనున్న అట్టి మాట ‘హలో’.

ఈ ఆంగ్లపదమునకు శుభమనిగాని వందనమనిగాని అర్థము లేదు. దూరమున నున్నవారిని కేకవేయుటకును, వేటకుక్కలను ఉసికొల్పుటకును వాడిన పాత అరుపులకు ఇది చుట్టము. దీనికి పెద్దరికము తెచ్చినది టెలిఫోను. ఆ యంత్రమును నిర్మించిన గ్రాహంబెల్ నావికుల కేకయగు ‘అహోయ్’నే మెచ్చెను. థామస్ ఎడిసన్ మాత్రము 1877 ఆగస్టులో పిట్స్‌బర్గులోని ఒక టెలిగ్రాఫు సంస్థ అధ్యక్షునకు వ్రాయుచు, పిలుపుగంట అక్కరలేదనియు, ‘హలో’ అన్నచో 10, 20 అడుగుల దూరమునకు వినబడుననియు తెలిపెను. వినికిడి మందగించిన ఆ మహాశయుడు మాట యొక్క అర్థమును గాక చప్పుడును ఎంచుకొనుటలో వింత యేమున్నది?

వింత మరియొకచోట నున్నది. ‘దేవుడు నీకు తోడగుగాక’ అను వాక్యము కాలక్రమమున కుంచించుకొనిపోయి ‘గుడ్‌బై’ అయినది. కలిసినపుడు కేక, విడిపోవునపుడు దీవెన! ఆ దీవెన పలుకువారిలో ఎందరికి జ్ఞాపకమున్నది?

మన అభివాదనము తీరు వేరు. పెద్దలకు మ్రొక్కువాడు తన పేరు చెప్పుకొనవలెనని మనుస్మృతి విధించినది. ప్రవర చెప్పుకొను ఆచారము నేటికిని కలదు. ‘నేనెవరు’ అని తెలుపుట వందనము చేయువాని బాధ్యత. ‘హలో’ యో, ‘అక్కడ ఎవరు?’ అని ఎదుటివానినే ప్రశ్నించును. ఫోను తానే చేసి, ‘హలో, ఎవరు మాట్లాడేది?’ అని గద్దించువారు మనకు తెలియనివారు కారు.

అంతమాత్రమున మన పద్ధతియే ఉత్తమమనుట తొందరపాటగును. బ్రాహ్మణుని కుశలము, క్షత్రియుని అనామయము, వైశ్యుని క్షేమము, శూద్రుని ఆరోగ్యము అడుగవలెనని చెప్పినదియు ఆ మనుస్మృతియే. పలకరింపునకు సైతము మెట్లు కట్టిన విధి యది. తీగకు ఆవల నున్నది కలెక్టరో కూలివాడో ‘హలో’కు తెలియదు. ఇద్దరిని ఒకే స్వరమున పిలుచును. దీనిని అమర్యాద యనవలెనా, సమదృష్టి యనవలెనా? ఎవరో తెలియనందున కలిగిన సమత్వము సమత్వమే కాదని ఎవరైన ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణలో నిజము లేకపోలేదు. ‘హలో, ఎవరండీ?’ అని మృదువుగా పలికిన నోరే, ఆవల నున్నది పాలు పోయువాడని తెలియగానే ‘ఏమిరా’ అనును. అయినను ఆ ‘అండీ’ ఒక్క క్షణమైనను అతనికి దక్కెడిది. నేటి సెల్‌ఫోను పేరును ముందే చూపుచున్నది గనుక, ‘హలో’ అనకముందే స్వరము నిశ్చయమై పోవుచున్నది.