మజా అంటే రుచే

తిరువూరులో పండగనాడు మా ఇళ్లల్లో వండినదాన్ని మెచ్చుకోడానికి మూడు మాటలున్నాయి. ఉర్దూ మాట్లాడే ఇళ్లల్లో "మజేదార్" అంటారు. కాస్త కితాబులు చదివినవాళ్లు "లజీజ్" అంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషాలు "కమ్మగా ఉంది" అంటారు. ఆకలి ఒకటే, కూరా ఒకటే. మాటని బట్టి మనిషిని తూచేవాళ్లు మాత్రం రెండు వైపులా ఉన్నారు.

మొదటివాళ్లు మాలోనే ఉన్నారు. "లజీజ్" అనడం రానివాడు వాళ్ల లెక్కలో సగం ముస్లిమే. అది అరబ్బీ మాట. ఖురాన్ 47వ సూరా 15వ ఆయతులో స్వర్గంలోని నదుల్ని వర్ణించేచోట ఆ ధాతువు నుంచే ఒక మాట వస్తుంది. నిజమే. కానీ ప్రవక్త ఏనాడూ తిండికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే వదిలేసేవారని హదీసు చెబుతోంది. తిండికే వంక పెట్టకూడనప్పుడు తిన్న నోటి భాషకు వంక పెట్టే హక్కు ఎవరిచ్చారు?

రెండోవాళ్లు బయట ఉన్నారు. "మీది తెలుగు కాదుగా" అంటారు. అలా అన్నవాళ్లే "సినిమా భలే మజాగా ఉంది" అంటారు! మజా పారశీకం నుంచి వచ్చింది. అక్కడ దానర్థం రుచి. ఇక్కడికొచ్చి సరదా అయింది. మజా తెలుగైపోయింది, పలావు తెలుగైపోయింది, బిర్యానీ తెలుగైపోయింది. వండే మేం మాత్రం ఇంకా పరాయివాళ్లమే. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. వండే చేతులకు ఈ నేల మనుషులన్న గుర్తింపు ఎప్పుడు?

"మీ చేతి బిర్యానీ రుచే వేరు" అన్న నోరే, అద్దెకి ఇల్లడిగితే "మీరు మాంసం వండుతారుగా" అంటుంది. పెద్దకూర పేరు బజార్లో గొంతెత్తి పలకలేం. 2015లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర, ఆవుమాంసం దాచారన్న పుకారుకే ఒక మనిషిని ఇంట్లోంచి లాగి కొట్టి చంపారు. ఏది కమ్మనిదని పైకి చెప్పుకోవచ్చో ఎవరు నిర్ణయిస్తున్నారు?

"బాగుంది" అన్నమాట ఊరికే పోదు. తిన్నవాడు వండినవాళ్లకు బాకీ పడతాడు. నాలుక ఒప్పుకున్నదాన్ని మనసు కాదంటే అది అన్యాయమే. మమ్మల్ని పొగడమని అడగడం లేదు. మా వంటని పొగిడిన నోటితో మమ్మల్ని పరాయివాళ్లనొద్దంటున్నాం. కమ్మన, లజీజ్, మజేదార్, మూడూ మా మాటలే. మూడూ తిరువూరు మాటలే.