పన్నును తప్పించుకొనుట ధర్మమా?

చట్టము నిషేధింపని పనియెల్ల ధర్మమగునా? ఈ ప్రశ్న ప్రాచీనమేయైనను, జీవశాస్త్రబలమున ఔషధములు కనిపెట్టు కంపెనీల వాటాదారుల నడుమ క్రొత్త రూపమున తలయెత్తినది.

2011వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సునందు పెరిగిన ఆల్కర్మీసు కంపెనీ, ఐర్లండుకు చెందిన ఎలాన్ కంపెనీయొక్క ఒక ఔషధ విభాగముతో కలిసి, డబ్లినును తన ప్రధానస్థానముగా జేసికొనెను. నాడు అమెరికాలో కంపెనీల లాభముపై కేంద్రప్రభుత్వపు పన్ను నూటికి 35. ఐర్లండులో వ్యాపారలాభముపై 12½. ఇందు చట్టవిరుద్ధమేదియు లేదు. కావుననే ఇది ధర్మవిచారణకు తగినది.

ఒక పక్షమువారిట్లందురు: కంపెనీ నిర్వాహకుడు పరుల సొమ్మునకు ధర్మకర్త. చట్టమడిగిన దానికంటె ఒక కాసు మిన్నగా చెల్లించుట దానము కాదు, దుర్వ్యయము. మిగిలిన ధనము క్రొత్త మందుల పరిశోధనకు వినియోగపడును. ఈ వాదమును తేలికగా ద్రోసివేయరాదు. వాటాదారులలో వృద్ధాప్యమునకై కూడబెట్టుకొన్నవారును గలరు.

కాని యొక్క సంగతి విచారింపుడు. ఇట్టి కంపెనీలు మొదట పెక్కేండ్లు నష్టములనే చూచును. నష్టమున్నచోట లాభముపై పన్ను లేదు. పాతనష్టములను తరువాతి లాభములనుండి తగ్గించుకొనుటకును చట్టము చాలవరకు సమ్మతించును. అనగా కష్టకాలమున సమాజము వేచియున్నది. శాస్త్రజ్ఞులకు విద్య నేర్పిన విశ్వవిద్యాలయములకు, మూలపరిశోధనలకు ప్రజాధనము తోడ్పడినది; పేటెంటును కాపాడునది ప్రజల న్యాయస్థానమే. ఫలము చేతికి వచ్చినతోడనే చిరునామా మార్చుట ఏరు దాటి తెప్ప తగులబెట్టుట కాదా?

మరియొక మార్గము కలదు. మందు ఇంకను నిరూపితము కానప్పుడే దాని పేటెంటును పన్ను తక్కువగల దేశమందలి తన శాఖకు స్వల్పమూల్యమున నమ్మి, పిమ్మట వచ్చు లాభమునచ్చటనే చేర్చుకొనవచ్చును. అమ్మువాడును కొనువాడును ఒక్కయింటివారే. వెలకట్టువాడును తరచుగా వారిచే నియుక్తుడే. అధికారులు తరువాత ప్రశ్నింపవచ్చును. కాని నాటి అంచనా తప్పని నిరూపించుట సులభము కాదు.

చట్టము మెల్లగా కదలుచున్నది. 2017లో అమెరికా తన పన్నును 21కి తగ్గించు శాసనము చేసెను. 2021లో నూటముప్పదికి పైగా దేశములు పెద్ద కంపెనీలకు కనీసము 15 శాతము పన్ను విధించుటకు సమ్మతించెను. అయినను శాసనము చేరని సందులెప్పుడును ఉండును. అచ్చట కావలియుండవలసినది మనస్సాక్షి.

చదువరులారా, వాటా కొనువాడు లాభమెంతయని మాత్రమే గాక, అది ఏ దేశమున ఆర్జింపబడినది, ఏ దేశమున లెక్కకు వచ్చినదని కూడ అడుగవలయును. అందరును అట్లే చేసినచో రేపటి పరిశోధకుని చదివించువారెవరు? లాభము వాటాదారునిది కావచ్చును. అది పండిన నేల అందరిది.