నక్షత్రం దించిన రాత్రి

ఢిల్లీలోని ధౌలా కువాన్‌లో పొగమంచు ఇంకా విడలేదు. నిన్న జనవరి 6, తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసును దర్శించుకున్న పండుగ. క్రిస్మస్‌కు కట్టిన కాగితపు నక్షత్రాన్ని ఆ రాత్రే దించాలనేది మా అమ్మ పెట్టిన అలవాటు.

స్టూలు ఎక్కాను గానీ చెయ్యి రాలేదు. ఇక్కడి మెట్రో స్టేషన్ నుంచి ఆకాశవంతెన మీదుగా నడిస్తే దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరున్న స్టేషన్ వస్తుంది. రాజమండ్రిలో పుట్టిన ఆ తల్లి పేరు చదివినప్పుడల్లా మన ఊరు పలకరించినట్టుంటుంది. ఈ నక్షత్రమూ అంతే. డ్యూటీ నుంచి తిరిగొస్తుంటే మంచులో దాని ఎర్రటి వెలుగే, ఇల్లు ఇదిగో అని చెప్పేది. బాల్కనీ బోసిపోతుందన్న బెంగ ఉంది, ఇల్లు సర్దుకుంటుందన్న ఊరటా ఉంది.

చివరికి బల్బు విప్పి, మడతలు నలగకుండా మూసి, పాత దుప్పట్లో చుట్టి అటకెక్కించాను. పశువులపాక బొమ్మల్లో గొర్రెపిల్లను మాత్రం మా పాప ఇవ్వనంది. ఉండనిచ్చాను.