పంతులుగారి పాఠం

పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన విద్వాంసులు. తల్లి లేని ఒక పిల్లవాణ్ణి తండ్రి తీసుకొచ్చి ఆయన దగ్గర సంగీతానికి పెట్టారు. ఎనిమిదేళ్లకే ఆ పిల్లవాడు బెజవాడలో పూర్తి కచేరీ చేశాడు. హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ అతని పేరుకు ముందు 'బాల' చేర్చారు. పదిహేనేళ్లు వచ్చేసరికి మంగళంపల్లి బాలమురళీకృష్ణ 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టేశాడు.

అలాంటి శిష్యుడు దొరకడం గురువుకు వరమంటారు. నాకది పరీక్షగా కూడా కనిపిస్తుంది.

ప్రతిభ ఉన్నవాడు ఉన్న రాగాన్ని శుద్ధంగా, హాయిగా పాడతాడు. దాని వెనక ఏళ్ల సాధకం ఉంటుంది, తక్కువ చేయడానికి లేదు. జీనియస్‌కు ఇంకా పుట్టని రాగం వినిపిస్తుంది. కనీసం అయిదు స్వరాలుంటేనే రాగమన్న సంప్రదాయంలో పెరిగిన బాలమురళి స, గ, ప, ని నాలుగింటితో మహతి రాగం చేశారు. లవంగి కూడా నాలుగు స్వరాలదే. అవి రాగాలే కావని వాదించినవాళ్లున్నారు. మహతి వింటుంటే మాత్రం నా చెవి అయిదో స్వరాన్ని అడగదు.

మనలో చాలామందిమి, అదృష్టం బాగుంటే, ప్రతిభ దగ్గర ఆగుతాం. అంతకు మించినవాళ్లు పక్కనే కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. కొందరు ఆ అసూయతోనే బతుకు వెళ్లదీస్తారు. ఇంకొందరు పూర్వజన్మ సుకృతమని దణ్ణం పెట్టేసి, తమ సాధకం మానుకుంటారు. ఈ రెండోది వినయంలా ఉంటుంది గానీ, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

పంతులుగారు మాత్రం పాఠం చెప్పారు. తన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి దగ్గర పొందినదాన్ని ఆ పిల్లవాడికి ధారపోశారు. తాను జీవితమంతా కాపాడుకున్న హద్దుల్ని రేపు దాటిపోగలవాడికి ఆ విద్య అప్పగించాలంటే ఎంత మనసు కావాలి! ఎన్ని ప్రయోగాలు చేసినా త్యాగరాజ కృతులు బాలమురళి గొంతును వదల్లేదు. కొత్త రాగాలకు కాలూనే చోటు ఆ పాఠమే ఇచ్చిందని నా నమ్మకం.

2016లో బాలమురళి వెళ్లిపోయారు. ఆ రాగాలు ఇప్పుడు శిష్యుల గొంతుల్లో ఉన్నాయి. నాలుగే స్వరాలున్నచోట ఒక్కటి కాస్త జారినా దాచుకోవడానికి చోటుండదు. అందుకని నేర్చుకునేవాళ్లు మహతిలోని ఆ గాంధారాన్నీ ఆ నిషాదాన్నీ మళ్లీ మళ్లీ పలికి సరిచూసుకోవాలి.